గిలక శస్త్రచికిత్స – మరల సైకిలెక్కుట

గోదావరి డెల్టాలోని ఒక కాలువగట్టు గ్రామమున ఆరోగ్య ప్రచార సభ ముగిసిన పిమ్మట పంచాయతీ కార్యాలయపు అరుగుమీద కూర్చుండి యుండగా, ఒక వార్డు సభ్యులు నన్ను ప్రక్కకు పిలిచి మెల్లగా ఒక ప్రశ్న వేసిరి. వారి వార్డులో పాలు పోసి జీవించు 50 ఏండ్ల మనిషి యొకడు గిలకకు శస్త్రచికిత్స చేయించుకొని ఇంటికి వచ్చినాడు. ఇక అతడు సైకిలు తొక్కవచ్చునా, కూడదా? తొక్కవచ్చునన్నచో ఎన్నాళ్ళకు? ఆ వీధిలో నలుగురు నాలుగు విధముల చెప్పుచున్నారట. ఒకరు పది రోజులు చాలునందురు. ఒకరు సంవత్సరము వరకు తాకరాదందురు. "ఇక సైకిలు అమ్మేసి అరుగు మీద కూర్చోవడమే" అని బావమరిది తేల్చి చెప్పినాడట.

ఆ సభ్యులు ఈ ప్రశ్నను సభలో అడుగక చాటుగా అడుగుటలోనే ఈ వ్యాధి కథ సగము ఉన్నది. నేను వైద్యుడను కాను. శస్త్రవైద్యులను అడిగి తెలిసికొన్న విషయములను, గ్రామములలో కన్నులార చూచిన వానిని ఇందు పొందుపరచుచున్నాను. ఈ ప్రశ్న ఏదో ఒకనాడు ప్రతి పంచాయతీ సభ్యుని గడపకును వచ్చును.

మన ఉదరమునకు ముందువైపున కండరములతో ఏర్పడిన గోడ యొకటి కలదు. దానిలో ఎచ్చటనైన బలహీనత ఏర్పడినచో, లోపలి పొరయు, దానితోపాటు పేగు భాగమును వెలుపలికి త్రోసికొని వచ్చును. దీనినే వైద్యులు హెర్నియా అందురు. మన పల్లెలలో గిలక యనియు, పేగు జారుట యనియు చెప్పుదురు. ఆయుర్వేద గ్రంథములు ఆంత్రవృద్ధి యని పేర్కొన్నవి. గజ్జలలో వచ్చునదియే వీనిలో అధికము. పురుషులలో ఇంచుమించు నలుగురిలో ఒకరికి జీవితకాలమున ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చుననగా, ఎంత సామాన్యమైన వ్యాధియో గ్రహింపవచ్చును. స్త్రీలకు తక్కువ, కాని వారికి తొడ మొదట వచ్చు ఒక రకపు గిలక మిక్కిలి ప్రమాదకరమైనది, దానిని కనిపెట్టిన వెంటనే చూపించవలెను.

కోస్తా జిల్లాలలో ఒక చిక్కు గలదు. ఇచ్చట బోదవ్యాధి వలన బీజములలో నీరు చేరుట చిరకాలముగా ఎరిగినదే. దానిని బుడ్డ యనియు, వరిబీజమనియు అందురు. గజ్జలలోని గిలక క్రిందికి దిగి బీజముల సంచిని చేరినప్పుడు దానిని కూడ బుడ్డయే యనుకొని, "మా నాన్నకూ ఉండేది, ఏమీ కాలేదు" అని ఏండ్ల తరబడి ఊరకుందురు. పండుకొనినప్పుడు లోపలికి పోయి, నిలుచున్నప్పుడును దగ్గినప్పుడును వెలుపలికి వచ్చు వాపు సాధారణముగా గిలక. నీటి బుడ్డ అట్లు పోయి రాదు. ఇది ఇంటిలో అనుమానించుటకు పనికివచ్చు గురుతు మాత్రమే. ఏది ఏదియో నిర్ణయింపవలసినది వైద్యుడు.

మన పాలవాడు నాలుగేండ్లు దాచినాడు. పంచెకట్టు వదులు చేసికొనెను. పాల క్యాన్లు దించునపుడు ఒక చేయి గజ్జమీద అదిమి పెట్టుకొనెడివాడు. భార్యకు తప్ప ఎవరికిని తెలియదు. ఎవరో చెప్పగా పట్టణమున ఒక బెల్టు కొని కట్టుకొనెను. బెల్టు గిలకను మాన్పజాలదు. జారిన పేగు లోపలికి పోకుండగనే పైన బిగించి కట్టినచో హాని కూడ కలుగవచ్చును. ఇక నాటు వాతలు పెట్టించుకొనువారిని గూర్చి చెప్పనేల! పొట్ట గోడలోని రంధ్రమునకు చర్మముమీద కాల్చిన వాత ఏమి చేయగలదు?

గిలక ఉన్న ప్రతివాడును మరునాడే ఆసుపత్రికి పరుగెత్తవలెనని కాదు. బాధ లేని చిన్న గిలకను శస్త్రవైద్యుడు చూచి, కొంతకాలము కనిపెట్టి యుందమని చెప్పవచ్చును. అట్టివారిలో కూడ చాలమంది నొప్పి హెచ్చి కొన్ని ఏండ్లకు శస్త్రచికిత్సకే వత్తురు. కాని "వైద్యుడు చూచి ఆగుట" వేరు, "సిగ్గుపడి దాచుట" వేరు. ఈ తేడా తెలియనందున ప్రాణములు పోవుచున్నవి. జారిన పేగు రంధ్రమున బిగిసికొని, దానికి నెత్తురు అందకపోయినచో కొన్ని గంటలలో కుళ్ళ నారంభించును. వాపు గట్టిపడి లోపలికి పోకుండుట, తీవ్రమైన నొప్పి, వాంతులు, పొట్ట ఉబ్బుట, విరేచనముగాని అపానవాయువుగాని వెడలకుండుట, ఆ చోటి చర్మము ఎర్రబారుట – ఇవి కనబడినచో తెల్లవారనిమ్మని ఆగరాదు. నూనె రాచి లోపలికి నొక్కరాదు. తినుటకు త్రాగుటకు ఏమియు ఈయక 108 వాహనమును పిలిచి, శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికి చేర్చవలెను.

శస్త్రచికిత్సను గూర్చి కొద్దిగ చెప్పిన చాలును. 1880 ప్రాంతములవరకు గిలకను కోసి కుట్టినను మరల జారుట పరిపాటిగ నుండెడిది. ఇటలీలోని పాడువా నగరమున ఎడోర్డో బస్సీని అను శస్త్రవైద్యుడు 1884 మొదలుకొని గజ్జలోని గోడను పొరలవారీగ తిరిగి కట్టు పద్ధతిని నెలకొల్పెను. నూరేండ్ల తరువాత 1984లో అమెరికాలోని లాస్ ఏంజెల్స్‌లో ఇర్వింగ్ లిఖ్టెన్‌స్టైన్ అను వైద్యుడు, బలహీనమైన చోట కండరములను లాగి కుట్టుటకు బదులు, మెత్తని ప్లాస్టిక్ దారములతో నేసిన వల ముక్కను అతుకువలె పరచు పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను. చిరిగిన చొక్కాను అంచులు లాగి కుట్టినచో మరల చిరుగును, అతుకు వేసినచో నిలుచును గదా! నేడు పెద్దలకు చేయు శస్త్రచికిత్సలలో ఈ వల పద్ధతియే అధికము. చిన్న రంధ్రముల ద్వారా గొట్టములు చొప్పించి చేయు పద్ధతి కూడ పట్టణములలో ఉన్నది; అందు కోలుకొనుట ఇంకను త్వరితము.

ఈ సందర్భమున మన దేశపు వైద్యుని యొకరిని తలచుకొనకుండ ఉండలేను. మహారాష్ట్రలోని ధూలే జిల్లాయందు దొండాయిచా అను చిన్న పట్టణమున డాక్టర్ రవీంద్రనాథ్ తొంగావ్‌కర్, కంపెనీ వలల ధర పేదలకు అందదని గ్రహించి, దోమతెర గుడ్డను శుద్ధిచేసి, ముక్కలుగ కత్తిరించి, క్రిములు లేకుండ చేసి శస్త్రచికిత్సలో వాడెను. ఆ అనుభవమును 2003లో వైద్యపత్రికలో ప్రకటించిరి. తరువాత ఆఫ్రికాలోని ఉగాండాలో 302 మంది పురుషులపై జరిపిన పరీక్షలో, ఇట్టి చవుక వలకును ఖరీదైన వలకును ఒక సంవత్సరము తరువాత చెప్పుకోదగిన తేడా కనబడలేదని 2016లో వెల్లడియైనది. మన మంచముమీది దోమతెర పనికివచ్చునని దీని అర్థము కాదు సుమా!

మొదటి పదిరోజులు

శస్త్రచికిత్స జరిగిన సాయంకాలమో, మరునాడో రోగిని లేపి నడిపింతురు. ఇది చూచి మన పెద్దలు బెదరుదురు. ఒకప్పుడు వారముల తరబడి పండుకొనబెట్టిన మాట నిజమే. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. కదలక పండుకొన్నచో కాళ్ళలో నెత్తురు గడ్డకట్టుట, ఊపిరితిత్తులలో కఫము చేరుట మొదలైన చిక్కులు కలుగును. ఇంటిలోను, వాకిటిలోను నెమ్మదిగ నడచుటయే మందు.

కుట్టు చుట్టును నల్లగ, నీలముగ కమలుట, బీజముల సంచి కొంత వాచుట సాధారణము. మచ్చ క్రింద గట్టిగా త్రాడువలె చేతికి తగులును. అది గిలక మరల వచ్చుట కాదు, మానుచున్న కండ. కొన్ని వారములలో మెత్తబడును. ఆ ప్రక్కన చర్మము మొద్దుబారినట్లుండుట కూడ కలదు. కాని జ్వరము, చీము, నిలువని నెత్తురు, దినదినము పెరుగు వాపు, మూత్రము బందయగుట – వీనిలో ఏది కనబడినను శస్త్రచికిత్స చేసినవారి యొద్దకే వెంటనే పోవలెను. మూడు నెలలు గడచినను నొప్పి వదలనిచో దానిని ఓర్చుకొనుచు కూర్చుండరాదు, చూపించుకొనవలెను.

ఇచ్చట పథ్యమును గూర్చి ఒక మాట. పప్పు తిన్నచో చీము పట్టునని మన ఇండ్లలో గట్టి నమ్మకము. పప్పు మాన్పింతురు, కూరలు మాన్పింతురు, నీళ్ళు కూడ కొలిచి పోయుదురు. ఫలితమేమి? మలబద్ధకము. రోగి ముక్కి ముక్కి దొడ్డికి పోవును. ఆ ముక్కుటయే క్రొత్త కుట్టుకు శత్రువు. పప్పు వలన చీము పట్టదు. క్రిముల వలన పట్టును. పప్పు, ఆకుకూరలు, పండ్లు, కావలసినంత నీరు – వైద్యుడు వేరుగా చెప్పిననే తప్ప వీనిని మాన్పరాదు. చుట్ట, బీడీ మాత్రము తప్పక మాన్పవలెను. అవి దగ్గును తెచ్చును, పుండు మానుటను ఆలస్యము చేయును. పొట్టలోని ఒత్తిడిని కొలిచి చూచినపుడు, దగ్గినపుడును ఎగిరి దూకినపుడును అది మిక్కిలి హెచ్చుగ పెరుగునని తేలినది. దగ్గు వచ్చినపుడు కుట్టుమీద అరచేయి ఆనించి దగ్గుట మంచి అలవాటు.

సైకిలు మాట

ఇక అసలు ప్రశ్న. సైకిలు తొక్కుటవలన గిలక వచ్చునా? చదునైన బాటమీద కూర్చుండి మెల్లగ తొక్కువాని పొట్టలో, బియ్యపు బస్తా ఎత్తువాని పొట్టలో వలె ఒత్తిడి పుట్టదు. కావున సైకిలును నిందింపబనిలేదు. మన సైకిలు ఒట్టి సైకిలు కాకపోవుటయే చిక్కు.

2018లో వివిధ దేశముల శస్త్రవైద్యులు కలసి వెలువరించిన మార్గదర్శక సూత్రములలో, చిక్కులు లేని వారు తమకు సుఖముగ తోచినంతనే నిత్యకృత్యములకు మరలవచ్చుననియు, అందుకు 3 నుండి 5 రోజులు చాలుననియు ఉన్నది. ఈ మాట సత్యమే. కాని కచేరీలో కుర్చీమీద కూర్చుండువాని నిత్యకృత్యము వేరు, మన పాలవాని నిత్యకృత్యము వేరు. 20 లీటర్ల క్యాన్లు రెండు నిండుగ ఉన్నచో పాల బరువే 40 కిలోలు దాటును. క్యాన్ల బరువు, ఇనుప సైకిలు బరువు కలిపినచో మొత్తము 70 కిలోల దరికి చేరును. దానిని కాలువగట్టు ఎక్కించవలెను, దించవలెను, ఇంటింట నిలుపవలెను. వెనుక చక్రమును పైకెత్తి స్టాండు వేయుట ఒక్కటే దినమునకు 40 మారులు! మన సైకిలు తొక్కువానికి తొక్కుటకంటె స్టాండు వేయుటయే ప్రమాదమని ఒక శస్త్రవైద్యులు నాతో అన్నప్పుడు నేను నవ్వితిని. తరువాత నా సైకిలుకు స్టాండు వేసి చూచుకొన్నపుడు ఆ నవ్వు పోయినది. గజ్జలవద్ద ఎట్లు బిగిసికొనునో ఎవరికి వారు చూచుకొనవచ్చును.

కావున బరువులేని సైకిలును, బరువున్న సైకిలును రెండు వేరు పనులుగ చూడవలెను. వల వేసి చేసిన సామాన్య శస్త్రచికిత్స తరువాత బరువులేని సైకిలును రెండు మూడు వారములకు మెల్లగ ఆరంభింపవచ్చుననియు, బరువులు ఎత్తుటకు నాలుగు నుండి ఆరు వారములు ఆగవలెననియు మన శస్త్రవైద్యులు సాధారణముగ చెప్పుదురు. గిలక పెద్దదైనను, రెండు ప్రక్కల చేసినను, బిగిసికొన్న పేగును విడిపించినను, మరల వచ్చిన గిలకకు చేసినను ఈ లెక్క మారును. శస్త్రచికిత్స చేసిన వైద్యుని మాటయే తుది మాట.

దినములు లెక్కించుటకంటె శరీరమును పరీక్షించుకొనుట మేలు. ఆగకుండ ఒక కిలోమీటరు నడచినను నొప్పి లేకుండవలెను. దగ్గినపుడు పొడిచినట్లుండరాదు. ఈ రెండును కుదిరినపుడు ఇంటివారు ఎవరైన సైకిలుకు స్టాండు వేసిపెట్టగా, దానిమీద కూర్చుండి ఉన్నచోటనే ఐదు నిముషములు పెడళ్ళు త్రిప్పి చూడవలెను. మన పాతరకపు రెండుకాళ్ళ స్టాండువలన కలుగు గొప్ప ఉపకారమిది: కదలకుండ తొక్కి చూడవచ్చును, పడు భయము లేదు. నొప్పి మాత్ర వేసికొని ఈ పరీక్ష చేయరాదు. మాత్ర నొప్పిని కప్పిపుచ్చును; కొన్ని మాత్రలు తల త్రిప్పును.

మరునాటి ఉదయము నొప్పి హెచ్చలేదని తేలిన పిమ్మట, చదునైన బాటమీద పది నిముషములు. ఎక్కుట దగ్గర జాగ్రత్త వలెను. ఒక కాలు పెడలుమీద మోపి, పరుగు తీసి, రెండవ కాలిని వెనుకనుండి గిరుక్కున త్రిప్పి ఎక్కుట మనవారికి చిన్ననాటి అలవాటు. అదే గజ్జను లాగును. సైకిలును నిలిపి, ఒకవైపునకు వాల్చి, నడిమి కడ్డీ మీదుగ కాలు నెమ్మదిగ దాటించి, అటుపిమ్మట బయలుదేరవలెను. ఇంటిలో చదువుకొను ఆడపిల్ల సైకిలున్నచో ఇంకను మేలు. దానికి కడ్డీ అడ్డముండదు. నలుగురు నవ్విన నవ్వనిండు, రెండువారముల పనియే గదా.

సీటు మరీ క్రిందికి ఉన్నచో పెడలు త్రిప్పిన ప్రతిమారును తొడ పైకి లేచి గజ్జను నొక్కును. పెడలు అడుగున ఉన్నపుడు మోకాలు కొంచెమే వంగునట్లు సీటును సరిచేయించుకొనవలెను. సీటు మూతి పైకి లేచి ఉండరాదు. గాలి కొట్టుట ఇతరులకు అప్పగింపవలెను. వంగి పంపును అదుముట బస్తా మోయుటకు తీసిపోదు. ఈ సంగతి ఎవరును చెప్పరు, రోగికిని తోచదు. గతుకుల బాట, ఎదురుగాలి, లేచి నిలిచి తొక్కుట, వెనుక మనిషిని ఎక్కించుకొనుట – ఇవి మొదటి వారములలో పనికిరావు. గట్టు వచ్చినచో దిగి ఒట్టి సైకిలును నడిపించుకొని పోవలెను. కుక్క అడ్డము వచ్చినపుడు వెంటనే బ్రేకు వేసి కాలు నేలకు ఆనించగల ధైర్యము కలుగువరకు జనము తిరుగు వీధిలోనికి పోరాదు.

రెండు మూడు దినములకొకమారు కొంచెము కొంచెముగ దూరము పెంచుకొనవచ్చును. తెల్లవారి లేచునప్పటికి నొప్పి, వాపు ముందటి దినముకంటె హెచ్చినచో ఒక మెట్టు వెనుకకు దిగవలెను. ఆరవ వారమున వైద్యునికి చూపించుకొని, ఆపైన ఒక క్యాను, పిమ్మట రెండు. ఒక్క క్యానును ఒకవైపున వ్రేలాడదీసినచో సైకిలు ఒరిగి, దానిని ఆపుటకే బలము ఖర్చగును. పాలను రెండు చిన్న పాత్రలలో పంచి ఇరువైపుల కట్టుట మేలు.

మన పాలవాని సంగతి చెప్పవలసి యున్నది. ఆ వార్డు సభ్యులు నన్ను అడుగునప్పటికే ఒక పొరపాటు జరిగిపోయినది. తొమ్మిదవ దినమున అతడు ఎవరికిని చెప్పక, తెల్లవారుజామున రెండు క్యాన్లతో బయలుదేరినాడు. మూడవ ఇంటివద్ద స్టాండు వేయుచుండగ గజ్జలో పొడిచినట్లాయెను. సాయంకాలమునకు కుట్టు చుట్టు వాచి, జ్వరము తగిలినది. అదృష్టవశమున గిలక మరల జారలేదు. లోపల నెత్తురు చేరినదని వైద్యులు చెప్పిరి. మొదటి పదిదినములు కాక ఇంకను మూడు వారములు మంచమునకు, వాకిటికి మధ్యనే గడచినవి. ఎందుకు పోతివని నేను అడిగినపుడు అతడు చెప్పిన సమాధానము ఇది: "వాడికె పోతే మళ్ళీ రాదండి. పాకెట్టు పాలు అలవాటైతే మా పాలు ఎవరు పోయించుకుంటారు?"

ఇందులో అజ్ఞానమేమియు లేదు. అతని లెక్క సరియైన లెక్కయే. శస్త్రచికిత్స ఉచితముగ జరిగినది. ప్రభుత్వ ఆసుపత్రులలోను, 2007లో ఆరోగ్యశ్రీ పేరున ఆరంభమై నేడు మన రాష్ట్రమున డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవగ పిలువబడు పథకము క్రిందను పేదలకు పెద్ద చికిత్సలు అందుచున్నవి. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స ఉన్నదో ముందుగ కనుగొని, కార్డుతో పంపుట సభ్యులు చేయదగిన సాయము. కాని ఆసుపత్రి ఖర్చు లేకున్నను, ఆరు వారముల వాడికె ఎవరు నిలుపుదురు? శస్త్రవైద్యుడు కాగితముమీద "బరువులు ఎత్తరాదు" అని వ్రాసి ఇచ్చును. ఆ కాగితమును పాటించు శక్తిని అతనికి ఈయవలసినది ఊరు.

ఆ గ్రామమువారు చేసిన పని పెద్దదేమియు కాదు. వార్డు సభ్యులు పాలు పోయించుకొను ఇండ్లకు స్వయముగ వెళ్ళి, ఒకటిన్నర నెల ఓర్చుకొనుడని చెప్పిరి. ప్రక్క వీధిలో పాలు పోయు మరియొక మనిషి ఆ ఇండ్లకు కూడ పోయుటకును, లెక్క మాత్రము పాత మనిషి పేరనే వ్రాయుటకును, లీటరుకు ఇంతయని మోతకూలి తీసికొనుటకును ఒప్పుకొనెను. పాడి పశువులను భార్యయు, కుమారుడును చూచుకొనిరి. ఇట్టి ఏర్పాటునకు తీర్మానము అక్కరలేదు, నిధులక్కరలేదు. గడ్డిమోపులు మోయువాడు, మట్టిపనికి పోవు కూలీ, కల్లుకుండలు సైకిలుకు కట్టుకొని పోవు గీతపనివాడు – వీరిలో ఎవరికి శస్త్రచికిత్స జరిగినను, ఆసుపత్రికి పోకముందే ఈ ఏర్పాటు ఆలోచించినచో తొమ్మిదవ దినమున సైకిలెక్కవలసిన అగత్యము రాదు.

దీనికి ఎదురు తప్పును కూడ నేను చూచితిని. మరియొక ఊర ఒక బట్టల మూటల వ్యాపారి, శస్త్రచికిత్స చక్కగ జరిగినను, పేగు మరల జారునను బంధువుల మాట విని, ఏడాదివరకు గడప దాటలేదు. సైకిలు అమ్మివేసెను. కండలు కరగెను, బొజ్జ పెరిగెను, అప్పు మిగిలెను. అతనికి కావలసినది విశ్రాంతి కాదు. తొక్కుమని ధైర్యముగ చెప్పు మనిషి ఒకడు. ఆశా కార్యకర్తయైనను, సబ్ సెంటరు నర్సమ్మయైనను, సభ్యులైనను ఆరవ వారమున ఒకమారు వాకిటికి వెళ్ళి "డాక్టరుగారు ఏమన్నారు?" అని అడిగియున్న చాలియుండెడిది.

గ్రామసభలలో మరుగుదొడ్లను గూర్చి, గర్భిణుల ఆరోగ్యమును గూర్చి నేడు నిస్సంకోచముగ మాటలాడుచున్నాము. గజ్జలలోని వాపును గూర్చి మాత్రము మగవారు మగవారితో కూడ మాటలాడరు. తరువాతి గ్రామసభలో వైద్యాధికారిని పిలిపించి, మగవారికి విడిగ అరగంట కేటాయించిన చాలునని ఆ వార్డు సభ్యులకు చెప్పితిని. వారు అట్లే చేసిరి. ఆ అరగంటలో తమకును వాపున్నదని ఏడుగురు చెప్పిరట. అందు ముగ్గురిది నీటి బుడ్డ, తక్కిన నలుగురిది గిలక.

పాలవాడు పదవ వారమున మరల సైకిలెక్కినట్లు ఆ సభ్యులు ఫోనులో తెలిపిరి. రెండు చిన్న పాత్రలు, ఇరువైపుల. కాలువగట్టు వద్ద కుమారుడు వెనుకనుండి త్రోయుచున్నాడట. స్టాండు మాత్రము వేయుట లేదు. ప్రతి ఇంటి ముందు సైకిలును గోడకు చేరవేసి పాలు కొలుచుచున్నాడట.